పసుపు డెక్కల మేక విడుదల

పసుపు ధూళిచే దిక్కులు నాలుగును తుమ్ముచుండగా, పందొమ్మిది వందల అరవై ఎనిమిదవ సంవత్సర మాఘమాస ప్రభాతమున, వేల్పూరు మహాపురమున హన్మవ్వ మేకకు గండము వచ్చెను.

పసుపురైతులలో సార్వభౌముడగు లింబాద్రి ఉడకబెట్టి కల్లమున రాశిపోసిన పసుపుకొమ్ములు తెల్లవారునప్పటికి నుజ్జునుజ్జయి యుండెను. ఆ దాపున నిశ్చింతగా నెమరువేయుచున్న మేకకు నాలుగు డెక్కలును పసుపు. "ఇంకేం సాక్ష్యం గావాలె?" అని లింబాద్రి, నష్టమునకు బదులు మేకనే తోలుకొనిపోవుటకు పలుపు చేతబట్టెను. తల్లిలేని మనుమని ఆ పాలతోనే సాకుచున్న హన్మవ్వ ఆ పలుపునకు అడ్డముగా నిలిచెను. చాయ్ చల్లారకముందే తీర్పు చెప్పవలెనను ధర్మనిష్ఠతో పెద్దమనుషులు తలలూపిరి.

అంతట సంభావ్యతాశాస్త్ర పారంగతుడును, ఆ శాస్త్రమును వినువాడు దొరకక ఏండ్లతరబడి కృశించుచున్నవాడును, కోస్తానుండి వచ్చిన లెక్కల పంతులునగు వీరరాఘవయ్య గొడుగును గదవలె భుజమున నిడుకొని సభామధ్యమున నిలిచెను.

"అయ్యలారా, మేకే తొక్కి ఉంటే డెక్కలు పసుపుగా ఉండే అవకాశం నూటికి నూరు. తొక్కకపోయి ఉంటే? ఈ ఊళ్లో, ఈ నెలలో, అదీ నూటికి నూరే. మీ పాదాలు చూసుకోండి. రెండు కథలకీ సమానంగా సరిపోయే సాక్ష్యం ఏ కథకీ సాక్ష్యం కాదు."

పెద్దలు చూచుకొనిరి. అన్నియు పసుపే. లింబాద్రి జంకలేదు.

"సరే సార్, గా పసుపును లెక్కలకెల్లి తీసెయ్యుండ్రి. ముందుగాల్నే నాకు గా మేక మీద అనుమానముండె. గది గట్లనే ఉన్నది."

ఇది శాస్త్రసమ్మతమే యగుటచే పంతులు గొడుగును భుజమునుండి దింపెను. నేరము చేసినవానికి మాత్రమే అంటి, తక్కినవారికి అంటని గుర్తు ఒక్కటి వెదకుడని దీనముగ వేడుకొనెను. లింబాద్రి నవ్వి, మేకను లాగుచు వెనుదిరిగెను.

సభలోని కన్నులన్నియు లింబాద్రి వీపున నిలిచెను. ఆ వీరుని తెల్లఅంగీ, మెడనుండి నడుముదాక, పసుపుముద్ద.

పెద్దమనుషులు ఒకరి వీపు నొకరు పరీక్షించుకొనిరి. ఒక్కదానికిని మరక లేదు.

"కాళ్లకైతే అందరికి అంటింది లింబాద్రీ," అన్నది హన్మవ్వ మెల్లగా. "వీపుకు ఎవ్వలకు అంటింది బిడ్డా?"

ఉడికిన పసుపురాశి తెల్లవార్లును వెచ్చగానుండును. మాఘపు చలి ఎముకలు కొరుకును. రాత్రి తన కల్లమునకు కావలి పోయిన శూరుడు దేనిని పరుపుగా చేసికొనెనో ఇక చెప్పనక్కరలేదు. పలుపు ఆతని చేతినుండి జారెను. పెద్దలు చాయ్ త్రాగిరి. ముసలిదానిని మన్నింపు అడుగవలెనని ఒక్కరికిని తోచలేదు.

ఇట్లు సకలశాస్త్రసమేతుడైన వీరరాఘవయ్య ఆ ఘోరసంగ్రామమున సాధించిన దిగ్విజయ మేమనగా: ఒక మేక తన యింటికి తాను నడచిపోయెను.