రౌషాన్ ఆపా ఇచ్చిన మాత్ర

ఆ ఉదయం దౌలెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, బూట్లు తుడుచుకోవాలి, సాయంత్రం మేనకోడలు జనార్ పెళ్లి విందులో మైకు పట్టుకుని నాలుగు దీవెన మాటలు చెప్పాలి. మొదటి రెండూ సులువే. మైకు చూస్తే మాత్రం అతని నాలుక పిడచకట్టుకుపోతుంది. పోయినేడు అన్న కొడుకు పెళ్లిలో "అందరికీ..." అని ఆగిపోయి మైకు పక్కవాడికి ఇచ్చేశాడు. తండ్రి లేని జనార్‌ను పెంచింది అతనే. ఈసారీ అలా జరిగితే ఆ పిల్ల ముఖం ఎలా చూస్తాడు?

టీకి వచ్చిన పక్కింటి రౌషాన్ ఆపా సంగతి విని, సంచిలోంచి మాత్ర తీసింది.

"గుండె దడకి డాక్టరు నాకిచ్చింది. ఆఖరిది. వేసుకో, చెయ్యి వణికితే నన్నడుగు!"

దౌలెత్‌కు ఏదైనా ఆరా తీయకపోతే నిద్రపట్టదు. పైగా కాస్త ఉబ్బసం ఉంది, జేబులో ఇన్‌హేలర్ లేనిదే గడప దాటడు. పెరట్లోకి వెళ్లి, తనను ఎప్పుడూ చూసే డాక్టర్ సాగిరాకు ఫోన్ చేసి మాత్ర పేరు చెప్పాడు.

"ఉబ్బసం ఉండి అది వేసుకుంటారా? ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయండీ! కంగారుకి వేరే మందులున్నాయి. మిమ్మల్ని చూసి ఇస్తాను, సోమవారం రండి."

"అవి ఊపిరిని ఏమీ చెయ్యవా?"

"కొన్ని చేస్తాయి, కొన్ని మత్తుగా ఉంటాయి. అందుకే చూడాలంటున్నా."

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ టీ బల్ల దగ్గర పెద్దవాళ్లు ఇచ్చింది వద్దంటే వాళ్ల తరాజ్ ఊళ్లో అంతకు మించిన అవమానం లేదు. దౌలెత్ మింగినట్టు నటించి, మాత్రను జేబురుమాలులో దాచాడు.

"దిగిందా?"

"దిగింది, ఆపా."

సాయంత్రానికి హాలంతా ఈ కథే. "నా మాత్ర మహిమ చూద్దురు గాని!" అని ఆపా బల్లబల్లకూ వెళ్లి చెప్పింది. ఇంతమంది నోళ్లలో పడితే దిష్టి తగలదా? దౌలెత్ తల్లి దిష్టి తీయడానికి వాడే అదిరస్పాన్ మొక్క ఎండు కొమ్మలు వెలిగించి, సరిగ్గా మైకు చేతికొచ్చే వేళకు కొడుకు చుట్టూ ఘాటైన పొగ తిప్పింది. దౌలెత్‌కు దగ్గు తెర అందుకుంది.

"మాత్ర వికటించింది!" అన్నారెవరో.

"ఉబ్బసం మనిషికి ఇచ్చావా, ఆపా?"

"అంబులెన్స్‌ని పిలవండి!"

"చేజేతులా చంపుకున్నానే!" అని ఆపా గొల్లుమంది. తల్లి భయపడి మరో గుప్పెడు కొమ్మలు వేసింది.

దౌలెత్ కిటికీ దగ్గరికి పరుగెత్తి ఇన్‌హేలర్ పీల్చాడు. ఊపిరి అందింది. ఆపా ఏడుపు మాత్రం భరించలేకపోయాడు. చేతిలో మైకు ఉందని కూడా మరిచిపోయి అరిచాడు.

"నేను వేసుకోలేదు, ఆపా! డాక్టరమ్మ వద్దంది. నీ మనసు నొచ్చుకుంటుందని అబద్ధమాడాను. దగ్గు పొగవల్ల. అమ్మా, ఆ కొమ్మలు ఆర్పు! జనార్ తల్లీ, నువ్వు మాత్రం నాలా చెయ్యకు. ఊపిరాడకపోతే ఆడటం లేదని నీ మొగుడికి చెప్పు. మర్యాద కోసం లోపల దాచుకోకు. సుఖంగా ఉండండిరా ఇద్దరూ!"

హాలు చప్పట్లతో మారుమోగింది. జనార్ ఏడుస్తూ వచ్చి మామను వాటేసుకుంది. అప్పుడు చూసుకున్నాడు దౌలెత్, చెయ్యి వణకడం లేదు. చెమర్చిన కళ్లు తుడుచుకోబోయి జేబురుమాలు విప్పితే, అందులో పొద్దుటి మాత్ర కనబడింది.

ఇంతలో వచ్చిన అంబులెన్స్ డాక్టరు అతని ఛాతీ పరీక్షించి, ఫరవాలేదని తలూపాడు. పక్కనే రౌషాన్ ఆపా గుండె పట్టుకుని కూలబడింది.

"ఒకటే దడగా ఉంది, నాయనా."

"ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

అందరూ దౌలెత్ చేతిలోని జేబురుమాలులో ఉన్న ఆ ఆఖరి మాత్ర వైపు చూశారు.

పిలిచిన అంబులెన్స్ వృథా పోలేదు.