జత లేని కొలత

ఆ మండలంలో ‘తర్వాత’ కొలత ఇవ్వనివారి ‘ముందు’ కొలతను కొట్టివేస్తారు. కొలతతో పాటు ఆ మనిషి కూడా అదే సాయంత్రం అందరి జ్ఞాపకాల నుంచీ పోతాడు. దీని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. జత లేని అంకె పరీక్షకు పనికిరాదని పథకం వాళ్లు మొదటే చెప్పారు.

అది ఉప్పు మానిపించే పథకం. పేరు ఇచ్చినవారందరికీ ఎండాకాలంలో ఒకసారి రక్తపోటు చూశారు, చలికాలంలో మళ్లీ చూస్తారు. తగ్గితే అది పథకం వల్ల తగ్గిందా, ఊరికే తగ్గిందా అన్నది ఎవరి రెండు అంకెలు వారివి పక్కపక్కన పెడితేనే తేలుతుంది.

పోలినాయుడు మాస్టారు, ఆయన భార్య వరహాలమ్మ కలిసే పేరు ఇచ్చారు. ఆవిడ మాటిమాటికీ ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపుతోందని మాస్టారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. వానాకాలం మధ్యలో, చప్పటి చారన్నం తిని పడుకున్న వరహాలమ్మ మళ్లీ లేవలేదు.

చనిపోయినవారికి మినహాయింపు లేదు. వారి బదులు ఇంకొకరు చెయ్యి ఇవ్వవచ్చు. అయితే మనిషికి ఒక్క కొలతే. ఒకరి పేరున ఇచ్చినవారికి తమ పేరున ఉండదు. మాస్టారు చొక్కా చెయ్యి మడుచుకుని, భార్య పేరు ఒకసారి పైకి అనుకుని, ఇంటి నుంచి బయలుదేరారు.

చలికాలం కొలతల శిబిరం ఆయన పనిచేసే బడిలోనే. వరసలో ఆయన ముందు చేపలమ్మే నూకాలు ఉంది.

“ఎవరి పేరు మామ్మా?” అని నర్సు గ్లోరీ అడిగింది.

“నా కొడుకు అప్పలసూరిది రాయమ్మా. పడవ మీద పోయినోడు.”

“సాయంత్రానికి నువ్వుండవు మరి.”

“నానుండేటి సేత్తాను? ఆడి పేరుంటే సాలు. బేగి కట్టు, బుట్టలో సేపలు మెత్తబడిపోతన్నాయి.”

తర్వాత మాస్టారు కూర్చున్నారు. చెయ్యి చాపారు. పట్టీ బిగిసింది.

“ఎవరి పేరు మాస్టారూ?”

వెనక ఎవరో దగ్గారు.

“పోలినాయుడు,” అన్నారాయన.

గ్లోరీ తల ఎత్తలేదు. “చాలామంది అలాగే అంటారండి. వరహాలమ్మ గారిని కొట్టేస్తున్నా. మీకు నూట ముప్ఫై. బాగా తగ్గింది.”

గుమ్మం దగ్గర బుట్ట ఎత్తుకుంటున్న నూకాలు ఆయన వైపు చూసింది.

సాయంత్రం జాబితా సరిచేశారు. సగటు రక్తపోటు తగ్గిందని, ఆ తగ్గుదల యాదృచ్ఛికం కాదని, లెక్కలో ఉన్నవారిలో ఒక్కరూ చనిపోలేదని ప్రకటించారు.

మర్నాడు బట్టల కోసం బీరువా తెరిస్తే మాస్టారికి ఉప్పు డబ్బా కనబడింది. ఒంటరి మనిషి, దాన్ని ఎవరికి అందకుండా దాచారో ఆయనకు గుర్తు రాలేదు. సిగ్గు మాత్రం వేసింది. దేనికో తెలియలేదు. బడిలో శిబిరం సామాను సర్దుతున్న గ్లోరీని అడిగారు.

“ఊళ్లో అందరికీ అలాగే ఉందటండి,” అంది గ్లోరీ. “ఉప్పు మానేస్తే కొన్నాళ్లు సిగ్గేస్తుందట. అలవాటైపోతుందిలెండి.”

మాస్టారు ఇంటికి వెళ్లి బీరువాకు మళ్లీ తాళం వేశారు.