గేటు రబ్బరుకు అరవయ్యొక్క కోట్లు

"రైతుకు నీళ్లిస్తాం. కానీ తొందరపడి ఇవ్వం, పోల్చి ఇస్తాం!" అని నీటిపారుదల మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. నీళ్లు ఎన్ని రకాలుగా నిలవ చేయొచ్చో, దేనికెంత ఖర్చో పక్కపక్కన పెట్టి చూశాకే పైసా బయటికి తీస్తారట. ఇంత గొప్ప ఆలోచన ఇదివరకు ఏ మంత్రికీ తట్టలేదు పాపం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు రెండో వరసలోని చిన్న ఇంజనీరు. ఆ పోలిక పట్టిక రాసే పని అతని నెత్తినే పడింది మరి. పైగా కాలవ చిట్టచివర అతని అక్కకు నాలుగెకరాల చేను ఉంది.

"చేను పొట్ట మీదుందిరా. ఇరవై రోజుల్లో తడి తగలకపోతే కోసి గొడ్లకు వెయ్యడమే," అంది అక్క ఫోన్లో.

"నేను చూసుకుంటా కదక్కా," అన్నాడు ఇంజనీరు. నిజంగానే చూసుకుందామనుకున్నాడు.

రెండ్రోజుల్లో పట్టిక తయారైంది. కొండల్లో కొత్త డ్యాము కడితే మూడు వందల కోట్లు. ఉన్న డ్యాము ఎత్తు పెంచితే అరవై కోట్లు. మూడోది మాత్రం ఎవరూ అడక్కుండా అతనే రాశాడు. ఉన్న డ్యాము గేటుకు రబ్బరు చీకిపోయి ఏడాది పొడుగునా నీళ్లు కారిపోతున్నాయి. రబ్బరు మారిస్తే లక్షన్నర, పని నాలుగు రోజులు. ఈ ఏడే కాలవ చివరిదాకా నీళ్లు పారతాయి.

పెద్ద ఇంజనీరు పట్టిక చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"లక్షన్నరేంటయ్యా? దీనికి నా సంతకం చాలు."

"అయితే పెట్టెయ్యండి సార్!"

"మతుండే మాట్లాడుతున్నావా? మంత్రిగారు ప్రకటించిన పనికి నేను సంతకం పెడితే ఆయనేం చెయ్యాలి? ఫైలు ఆయన దాకా వెళ్లాలంటే యాభై కోట్లు దాటాలి. పెంచు."

"రబ్బరుని ఎంతకని పెంచను సార్?"

"రబ్బరుని ఎవడు పెంచమన్నాడు? పనిని పెంచు."

ఇంజనీరు పెంచాడు. రబ్బరు ఎండకు పాడవకుండా గోదాము, గోదాముకు రోడ్డు, రోడ్డు చివర అతిథి గృహం. అవన్నీ కలిపినా ఇరవై కోట్లే అయింది. మంత్రిగారి పీఏ పెద్దమనసు చేసుకుని హెలిప్యాడూ, రంగుల ఫౌంటెనూ, రబ్బరు చూసి రావడానికి పదకొండు మందికి విదేశీ పర్యటనా చేర్చాడు. మొత్తం అరవయ్యొక్క కోట్లకు తేలింది.

అక్క రోజూ ఫోను చేస్తూనే ఉంది.

"ఎక్కడిదాకా వచ్చాయిరా నీళ్లు?"

"పీఏగారి టేబుల్ దాకా వచ్చాయక్కా."

పదిహేనో రోజున మంత్రిగారు పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివారు. మూడో వరసకొచ్చేసరికి ఆయన మొహం కందగడ్డయింది.

"గేటు రబ్బరుకు అరవయ్యొక్క కోట్లా? ప్రజల సొమ్మనుకున్నారా, ఇంకేమన్నా అనుకున్నారా? కొట్టెయ్యండి! ఎత్తు పెంచడం అరవయ్యేగా, అది చేద్దాం."

"సార్, ఎత్తు పెంచినా గేటు అదే కదా, కారుతూనే ఉంటుంది," అని ఇంజనీరు గొణిగాడు.

పీఏ అతని భుజం తట్టాడు. "ఎత్తు పెరిగాక ఇంకా జోరుగా కారుతుంది. ప్రగతి కంటికి కనపడాలోయ్."

'కోటి మిగిల్చిన మంత్రి' అని మర్నాడు పత్రికలన్నీ రాశాయి. పని ఆరేళ్లలో పూర్తవుతుందట. ఆ వార్త చదివి ఇంజనీరుకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కకేం చెప్పాలో తెలీక రెండ్రోజులు ఫోను ఎత్తలేదు.

పద్దెనిమిదో రోజున శంకుస్థాపన. సభ రైతుల మధ్యే జరగాలని మంత్రిగారి పట్టుదల. కాలవ కింద కార్లు బురదలో దిగబడని చోటు ఎక్కడుందా అని వెతికితే, చిట్టచివర అక్క చేను పక్కనున్న బీడు ఒక్కటే దొరికింది. అక్కడ దుమ్ము రేగుతుందని పెద్ద ఇంజనీరు తెల్లవారకముందే ఇరవై ట్యాంకర్లు తెప్పించి నేలంతా తడిపించారు. నేల పీల్చుకోగా మిగిలిన నీళ్లు పల్లానికి పారి అక్క చేలోకి దిగాయి.

మంత్రిగారు రాయి పాతి, అరగంట మాట్లాడి వెళ్లిపోయారు. తలెత్తలేక గట్టు మీద నిలబడ్డ తమ్ముడి దగ్గరికి అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చీలమండల దాకా బురదతో వచ్చింది.

"ఒరేయ్, ఈయన్ని ఇంకో రెండుసార్లు రమ్మనరా. చేను గట్టెక్కుతుంది."

ఇంజనీరు జేబులోంచి పట్టిక తీశాడు. మంత్రి రాకకు ఇంత, ట్యాంకర్లకు ఇంత అని నాలుగో వరస రాసుకుని లెక్కకట్టాడు. పట్టికలో మిగిలిన మూడు వరసలకంటే అదే చవగ్గా తేలింది.