ఒక దగ్గుకి ఇంజను, రెండు దగ్గులకి అందం

నవంబరు నెల ఢిల్లీలో దగ్గుని రహస్య సంకేతంగా పెట్టుకున్నవాణ్ణి ఏమనాలి? రఘురామ్ అనాలి.

రఘురామ్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. కాపురం ద్వారకలో, నాలుగో అంతస్తులో. పెళ్ళయి నాలుగు నెలలు. భార్య హారికది కాకినాడ. కొత్త కర్టెన్లు తగిలించినా ఆ ఇంట్లో పండగే, కుక్కరు సరిగ్గా మూడు కూతలు కూసినా పండగే.

కాపురానికొచ్చిన మొదటి వారమే హారిక ఒక్కటే షరతు పెట్టింది. "ఏం చేసినా నాతో చెప్పి చెయ్యండి. మీరు చాటుగా చేశారో, నేను కాకినాడ రైలెక్కడం కూడా చాటుగానే జరుగుతుంది."

ఇప్పుడా రైలు ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసినట్టే ఉంది. ఎందుకంటే రఘురామ్ చాటుగా ఒక బండిని ప్రేమించాడు.

దాని పేరు బహదూర్. కొత్త బండే గాని తాతలనాటి జీపులా కనపడేట్టు తయారుచేశారు. గుండ్రటి లైట్లు, చెక్కపెట్టెలాంటి ఒళ్ళు, వీపున మూటలా స్టెప్నీ. కొండలెక్కుతుందట, వాగులు దాటుతుందట. రోజూ మెట్రోలో ఆఫీసుకెళ్ళే మనిషికి, లైసెన్సుని పర్సులోంచి బయటికి తియ్యని మనిషికి, వాగుతో పనేమిటని ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషికి అసలు చెబితేగా!

షోరూములో ముదురాకుపచ్చ డీజిల్ బండి ఒక్కటే మిగిలింది. ఆదివారం సాయంత్రం ఐదింటిదాకా ఆపుతామన్నారు. ఆలోగా హారిక తనంతట తానే "కొందామండీ" అనాలి. అప్పుడు బండీ దక్కుతుంది, పెళ్ళామూ దక్కుతుంది.

అందుకు సాయం వచ్చినవాడు ఆఫీసులో పక్క సీటు పద్మనాభం. పెట్రోలు బండి ఎదురైతే ముక్కు మూసుకుంటాడు కనక అందరూ అతన్ని డీజిల్ పద్మనాభం అంటారు.

"టీకి వస్తాను రఘూ. నువ్వు ఒకసారి దగ్గితే ఇంజన్ని పొగుడుతాను. రెండుసార్లు దగ్గితే అందాన్ని. కళ్ళజోడు తీశావా, టక్కున ఆపేస్తాను" అన్నాడతను.

అని ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. ఇరవై ఏళ్ళ సర్వీసు! కాగితం మీద లేనిది లోకంలో జరగదని అతని నమ్మకం. ఆఫీసు పచ్చ నోట్‌షీటు మీద బండి పేరుతో సహా అంతా అంకెలేసి రాసి, "ఆమోదం కొరకు" అని సంతకం పెట్టి చేతికిచ్చాడు. రఘురామ్ కూడా అలవాటు కొద్దీ సంతకం చేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం నాలుగింటికి పద్మనాభం వచ్చాడు.

"రండన్నయ్యగారూ, మీకోసమే పులిహోర చేస్తున్నా" అంది హారిక వంటింట్లోంచి. ఆ గొంతులో బెల్లం కొంచెం ఎక్కువైంది. నాలుగు నెలల అనుభవంతో రఘురామ్‌కి అది తెలీలేదు.

ఒకసారి దగ్గాడు.

"ఇంజనంటే డీజిలేనమ్మా!" అందుకున్నాడు పద్మనాభం. "ఆ టార్క్ ఉంది చూశావూ, ఎంత బరువైనా కిక్కురుమనకుండా లాగుతుంది!"

"అచ్ఛా! మా ఆయనకి టాక్ ఎక్కువ, టార్క్ తక్కువ అన్నయ్యగారూ. గ్యాసు సిలిండరు జరపమంటే నడుం పట్టేస్తుంది."

రఘురామ్ కంగారుగా రెండుసార్లు దగ్గాడు.

"ఇక అందమంటావా, తలుపుల బందులు కూడా బయటికే కనిపిస్తాయి తల్లీ!"

"మా అమ్మమ్మ బీరువాకీ అంతే. దాన్ని పాత సామానువాడికిచ్చి, అలాంటిదే కొత్తది కొనుక్కోవాలా?"

"అది నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోరమ్మా!"

"నాలుగు బై నాలుగంటే ఒకటేగా. దానికింత హడావిడా?"

నాలుగుంబావుకి రఘురామ్ ఫోను మోగింది. షోరూమువాడు, ఇంకో బేరం వచ్చి కూర్చుందని తొందరపెడుతున్నాడు. "సర్, పాంచ్ బజే తక్ బతా దీజియే. దూసరీ పార్టీ బైఠీ హై."

"రాంగ్ నంబర్ భయ్యా!"

"ఎవరండీ?"

"క్రెడిట్ కార్డువాళ్ళు."

"రాంగ్ నంబరన్నారు?"

"రాంగ్ నంబరు క్రెడిట్ కార్డువాళ్ళు."

హారిక గుప్పెడు ఎండుమిరపకాయలు కాగే నూనెలో వేసింది. చిమ్నీ వెయ్యలేదు. కిటికీ తీద్దామంటే బయటి గాలి పోపుకన్నా ఘాటు.

రఘురామ్ దగ్గాడు. "డీజిలు!" అన్నాడు పద్మనాభం. ఇంకో రెండు. "గుండ్రటి లైట్లు!" ఆ తర్వాత ఏకబిగిన ఐదు. ఒప్పందంలో ఐదు లేదు. పద్మనాభం వేళ్ళు మడిచి లెక్కేశాడు. "రెండు అందాలూ... ఒక ఇంజనూ!"

కళ్ళు మండి రఘురామ్ కళ్ళజోడు తీశాడు. పద్మనాభం కరెంటు పోయిన ఫ్యానులా ఆగిపోయాడు. రఘురామ్ మళ్ళీ పెట్టుకున్నాడు. పద్మనాభం మళ్ళీ తిరగడం మొదలెట్టాడు.

అప్పుడు ముక్కుకి చున్నీ కట్టుకుని, చేతిలో గరిటెతో హారిక గుమ్మంలోకి వచ్చింది. చిన్నగా, శుభ్రంగా, ఒక్కసారి దగ్గింది.

"డీజిల్ ఇంజనంటే..." అన్నాడు పద్మనాభం.

రెండుసార్లు దగ్గింది.

"గుండ్రటి లైట్లంటే..."

ఆమె మెల్లగా వెళ్ళి రఘురామ్ ముక్కు మీంచి కళ్ళజోడు తీసేసింది. పద్మనాభం నోరు మూతపడింది.

"చొక్కా ఉతికేముందు జేబులు చూడమని మా అమ్మ నేర్పింది" అని హారిక పచ్చ కాగితం బల్ల మీద పెట్టింది.

రఘురామ్‌కి కాకినాడ రైలు కూత వినిపించింది. గుండె జారిపోయింది. కూసింది కుక్కరని తెలిశాక కూడా అది వెనక్కి రాలేదు.

"మా నాన్న కలెక్టరాఫీసు జీపు మీదే నేను డ్రైవింగు నేర్చుకున్నా" అంది హారిక. ఈసారి గొంతులో బెల్లం లేదు. "ఆ బండంటే నాకూ పిచ్చే. ఒక్క మాట అడిగుంటే ఆ రోజే సరే అనేదాన్ని. నోట్‌షీటు రాసుకుంటారా, నామీద?"

"తప్పయిపోయింది హారికా. అయితే... డీజిలు..."

"డీజిలుకి ఢిల్లీలో పదేళ్ళే ఆయుష్షు. పదేళ్ళకే తుక్కయ్యేది నాకొద్దు, బండైనా, మొగుడైనా. మన దగ్గులు చాలవా, బండి కూడా దగ్గాలా? పెట్రోలే."

పద్మనాభం ముక్కు మూసుకున్నాడు.

ఐదుకి ఐదు నిమిషాలుండగా హారిక రఘురామ్ ఫోనందుకుంది. "భయ్యా, గ్రీన్‌వాలా దూసరీ పార్టీ కో దే దీజియే. హమే పెట్రోల్ చాహియే, లాల్ రంగ్. టెస్ట్ డ్రైవ్ మేరే నామ్ సే." పచ్చది ఆ రెండో బేరానికి పోయింది, వీళ్ళకి ఎర్ర పెట్రోలు బండి, నడిపి చూసేది హారిక.

తర్వాత నోట్‌షీటు భర్త ముందుకు తోసింది. ఇద్దరి సంతకాల కింద ఎర్ర సిరాతో, కలెక్టరాఫీసు సూపరింటెండెంటు శ్రీరాములుగారి కూతురి దస్తూరీ: "డీజిల్ ప్రతిపాదన తిరస్కరించడమైనది. డ్రైవరు: దిగువ సంతకం చేసినవారు. రఘురామ్ గారు పక్క సీటు."

మార్జిన్‌లో, ఫైలు నచ్చని పైఅధికారి రాసే మాట: "ప్లీజ్ స్పీక్."

మాట్లాడదామని రఘురామ్ నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. ఒక్కటే.

పద్మనాభం ఖాళీ ప్లేటు వంకా, హారిక వంటింట్లోంచి తెచ్చిన పులిహోర గిన్నె వంకా చూశాడు. ముక్కు మీంచి చెయ్యి తీశాడు.

"ఇంజనంటే పెట్రోలేనమ్మా!" అన్నాడు.