ఇద్దరే ఉన్న గ్రూపు

సోమవారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ అల్లుడుగారు ఒక నిర్ణయానికి వచ్చారు: ఇవాళ భార్యకు "వచ్చెయ్" అని రాసెయ్యాలి. ఆవిడ నర్సు. మూడేళ్ళుగా దూరపు ఊళ్ళో ఉద్యోగం. అక్కడే ఇంకో రెండేళ్ళు ఉంటుందో, తిరిగొస్తుందో శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా ఆస్పత్రికి సంతకం పెట్టి చెప్పాలి. రమ్మని అడగడానికి ఇతనికి ఇన్నాళ్ళూ మొహమాటం. ఆవిడ దిండు మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికి మాత్రం ఏ మొహమాటమూ లేదు.

ఇతనిది ఒంటిచేతి వ్యాపారం. ఒక పెద్ద చర్చల సైటులోని పోస్టులు హాయిగా చదువుకోవడానికి సొంతంగా యాప్ కట్టి, ఇంట్లోంచే నడుపుతున్నాడు. ఆ సైటులోనే మొగుడూ పెళ్ళాలకు ఇద్దరే ఉన్న గ్రూపు ఒకటుంది. మనసులో మాటలన్నీ అందులోనే, ఇద్దరూ చదివేది ఇతని యాప్‌లోనే. ఫోన్లో ఇద్దరికీ నోరు పెగలదు. రాసేది ఇద్దరే అయినా ఎవరైనా చదవగలిగే గ్రూపు కాబట్టి, ఇంట్లోనే ఉండే మామగారు తొంగిచూడకుండా అప్పట్లోనే దానికి "పెద్దలకు మాత్రమే" అన్న గుర్తు తగిలించి, ఆ సంగతి మర్చిపోయాడు.

"వచ్చెయ్" అని రాసి నొక్కాడు. మాట మాయమైంది. పైనున్న మూడేళ్ళ కబుర్లూ మాయం. ఆవిడే తుడిచేసిందనుకుని కుర్చీలో కూలబడ్డాడు.

తుడిచింది ఆవిడ కాదు. పెద్దల గుర్తున్న పోస్టులు బయటివాళ్ళ యాప్‌లకు అందకుండా సైటువాళ్ళు ఆ పొద్దున్నే కొళాయి కట్టేశారు. నెల ముందే ఉత్తరం పంపారు. "మన యాప్‌లో అలాంటివెవరు చదువుతారులే" అని ఇతగాడు సగంలో మూసేశాడు. తీరా చూస్తే పాలిచ్చే తల్లుల గ్రూపుకీ, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళ గ్రూపుకీ అదే గుర్తు. "మీ యాప్ పాడైంది" అని వాళ్ళంతా ఒక్కో నక్షత్రం ఇచ్చిపోయారు. "గుర్తున్న గ్రూపులు ఇక రావండీ, నా చేతుల్లో లేదు" అని అందరికీ ఓపిగ్గా జవాబు రాశాడు. తన గ్రూపు సంగతి మాత్రం తట్టలేదు. పెళ్ళాం అలిగిందనుకున్న మగాడికి ఇంకేం తడుతుంది?

అలకకు కారణం వెతకడం మొదలెట్టాడు. మంగళవారం, "నీ నీలం కప్పు పగలగొట్టింది నేనే, మామయ్య కాదు" అని రాశాడు. మాయం. బుధవారం, "నీ పుట్టినరోజు స్వెటర్ నేను ఎంచింది కాదు, మీ అక్క ఎంచింది." అదీ మాయం. గురువారం గుండె రాయి చేసుకుని, "నీ కుట్టుమిషను పక్కవీధి ఆవిడకి ఇచ్చేశాను" అని రాసేశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"ఏంటి విశేషాలు?"

"ఏమున్నాయి. నువ్వే చెప్పాలి."

"నేను చెప్పాల్సింది రాశాను."

"నేనూ రాశాను."

"అయితే సరే," అని పెట్టేసింది. ఆ గొంతులో తడి విని, ఫోన్ని చొక్కాకి తుడుస్తూ నిలబడ్డాడు.

శుక్రవారం నాలుగున్నరకి మామగారు, కూతురు కుట్టుపని చేసుకునే గదిలోంచి తన పుస్తకాలూ మందులూ తీసి పెట్టెలో సర్దుతున్నారు. ఈయన కూడా వెళ్ళిపోతున్నాడనుకుని అల్లుడు పెట్టెకి అడ్డంగా నిలబడ్డాడు.

"మీరూ నన్ను వదిలేసి పోతున్నారా మామయ్యా?"

"నేనెక్కడికి పోతాను? హాల్లోకి మారుతున్నా. అమ్మాయి వస్తోందిగా. 'రమ్మంటావా' అని అది, 'వచ్చెయ్' అని నువ్వు, సోమవారమే రాసుకున్నారు."

"అది మీకెలా కనిపించింది?"

"సైటువాళ్ళ యాప్‌లో. నీ యాప్‌లో అక్షరాలు చిన్నవి, ఎప్పుడో తీసేశా. మీ గ్రూపు తెరవబోతే, పద్దెనిమిదేళ్ళు నిండాయా అని అడిగింది. నిండాయని నొక్కాను. నాకు డెబ్బై. కప్పు సంగతి ఒప్పుకున్నందుకు థాంక్స్ బాబూ."

పెద్దల గుర్తు తగిలించింది తనేనని అతనికి అప్పుడు తట్టింది. గడియారంలో నాలుగూ నలభై. అల్లుడు భార్యకు ఫోన్ చేశాడు.

"వచ్చెయ్. నువ్వు లేకుండా నావల్ల కావట్లేదు."

"ఇక్కడే ఉంటానని సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాను," అంది ఆవిడ. "ఈ ముక్క సోమవారం చెప్తే నీ సొమ్మేం పోయేది?"

సంతోషం పట్టలేక వెంటనే సైటులోకి వెళ్ళి గుర్తు పీకేశాడు. కొళాయి తెరుచుకుంది. పాత కబుర్లతో పాటు ఆ వారమంతా రాసినవీ వరసగా ఆవిడ ఫోన్లోకి దిగాయి. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఆదివారం దిగుతున్నా. మిషను ఏ ఆవిడకి ఇచ్చావు?"

గుర్తు మళ్ళీ తగిలిద్దామా అని అతను ఒక్క క్షణం ఆలోచించాడు.