పద్నాలుగు క్లబ్బులు

“వాడే చెయ్యాలి.”

“మూడేళ్ళుగా ఇదే మాట. అక్కడ మీ తమ్ముడూ ఇదే అనుకుంటూ కూర్చుంటే ఫోన్లు రెండూ తుప్పు పట్టిపోతాయి.”

“తప్పు ఎవరిదో వాళ్ళే చెయ్యాలి.”

“తప్పంతా కర్రదేనని మీరే అన్నారుగా. పోనీ దానిచేత చేయించండి.”

కార్యదర్శిగారు భార్యవైపు చూడకుండా బూట్లు తుడుచుకున్నారు. ఉదయం ఎనిమిది కూడా కాకముందే ఆ ఇంట్లో ఈ వాదన సగం దూరం వచ్చేసింది. మిగతా సగం ఎలా నడుస్తుందో తెలిసిన కూతురు చెవుల్లో పాటలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళిపోయింది.

ఆయన పంపులు తయారుచేసే కంపెనీలో మేనేజరు. ఊరి చివర తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఒకటి ఉంది. దానికి గౌరవ కార్యదర్శి కూడా ఆయనే. మొదటి ఉద్యోగం ఆదివారాలు వదిలిపెడుతుంది కాబట్టి ఇంట్లో ఆయనకు రెండో ఉద్యోగం పేరే స్థిరపడింది.

గొడవ చిన్నదే. మూడేళ్ళ క్రితం జోడీల పోటీలో చివరి గుంత దగ్గర ఆయన ఏడో నంబరు కర్ర తియ్యమన్నారు, తమ్ముడు ఇంకా దూరం కొట్టే అయిదో నంబరు తీశాడు. బంతి జెండా మీదుగా వెళ్ళి చెరువులో పడింది. “ఏ కర్ర ఎక్కడ తియ్యాలో నీకు ఈ జన్మకి తెలీదురా!” అని అన్నగారు నలుగురిలో అరిచారు. తమ్ముడు కర్రల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు.

ఈ ఏటి పోటీకి ఇంకా రెండు వారాలుంది. పదహారు జోడీలు. ముప్ఫై ఒక్క పేర్లు రాసి ఉన్నాయి. తన పేరు పక్కన మాత్రం ఆయన పెన్సిలుతో ఒక చుక్క పెట్టి వదిలేశారు. ఆ చుక్క ఎవరికోసమో ఆయన భార్యకు తెలుసు, పోటీ సంఘానికి తెలుసు. తెలియనివాడు తమ్ముడొక్కడే.

మైదానంలో టైపు చేసే ఆయన సెలవు పెట్టడంతో ఆటగాళ్ళకు నోటీసు పంపే పని భార్య మీద పడింది. ఆవిడ గ్రంథాలయంలో ఉద్యోగి. నోటీసులు రాయడంలో, అంటించడంలో, గడువు దాటగానే పీకెయ్యడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. అయితే గోల్ఫు గురించి ఆవిడకు తెలిసింది తక్కువ. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో వాటిని కర్రలనే అంటున్నారు. పడగ్గది మూల కర్రలు, మంచం కింద కర్రలు, కొత్తగా కొన్న కర్రలు. వాటికి రూల్స్ పుస్తకంలో క్లబ్బులని ఇంకో పేరుందనీ, ఒక్కో ఆటగాడి సంచీలో అవి పద్నాలుగుకి మించకూడదనీ, సంఘం పనిమీద ఉన్నప్పుడు మాత్రం తన భర్త ఆ పేరే వాడతారనీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఆయన కంపెనీ నుంచి గ్రంథాలయానికి ఫోన్ చేశారు. వెనక ఏదో పెద్ద పంపును పరీక్షిస్తున్న హోరు.

“క్లబ్బుల సంగతి రాశావా?”

“ఏ క్లబ్బులు?”

“ఏవేవన్నది మనం చెప్పకూడదు. పద్నాలుగుకి మించకూడదు, అంతే. మించితే పెనాల్టీ.”

“ఎలాంటివి ఉండాలో అదన్నా చెప్పండి.”

“మామూలుగా అయితే పెద్దవి మూడు, మధ్యరకం ఓ పది, చిన్నది ఒకటి.”

“చిన్నదెందుకూ?”

“భలేదానివే! చివరికి పని జరిగేది దాంతోనే. పెద్దవి దూరం తీసుకెళ్తాయి, అంతే. ఎంచుకోవడంలోనే ఉందంతా. ఆఁ, టీ ఏడింటికని రాయి. అందరూ మొదటి టీ దగ్గర ఉండాలి.”

“రెండో టీ కూడా ఉంటుందా?”

“మొత్తం తొమ్మిది!” అని అరిచి ఆయన ఫోన్ పెట్టేశారు. బంతిని మొదటగా కొట్టే చోటును టీ అంటారని చెప్పడానికి ఆ హోరులో తీరిక లేకపోయింది.

తొమ్మిదిసార్లు టీ తాగే ఆట మగవాళ్ళు మాత్రమే కనిపెట్టగలరని ఆవిడ అనుకుంది. తరవాత పోటీకి పిలవాల్సిన క్లబ్బుల్ని ఎంచడానికి గ్రంథాలయం నోటీసు బోర్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఊళ్ళో ఉన్న క్లబ్బులన్నీ ఆ బోర్డు మీదే ఉన్నాయి. పెద్దవి మూడు తేలిగ్గానే దొరికాయి: రిటైర్డ్ డ్రైవర్ల క్లబ్బు, నవ్వుల క్లబ్బు, తోటపని క్లబ్బు. మధ్యరకంలో పక్షుల వాళ్ళు, చదరంగం వాళ్ళు, ఫొటోల వాళ్ళు, పాటల వాళ్ళు... పదింటిని ఏరింది. చిన్నది దగ్గర కాస్త ఆగింది. బోర్డు కింది అంచున, అయిదుగురు సభ్యుల నడక క్లబ్బు కాగితం ఒకటుంది. దానికేసి కాసేపు చూసి, పద్నాలుగో ఉత్తరం అన్నిటికంటే అందంగా రాసింది.

పోటీ రోజు ఆరున్నరకే కార్యదర్శిగారు మొదటి గుంత దగ్గర జెండాలు సరిచూస్తున్నారు. గేటు నుంచి కాపలాదారు ఫోన్ చేశాడు.

“సార్, నలభై డ్రైవర్లు. లోపలికి పంపించనా?”

గోల్ఫులో అన్నిటికంటే పొడుగు కర్రను డ్రైవర్ అంటారు. ఎవరో దుకాణం వాళ్ళు అమ్మకానికి తెచ్చారని ఆయన అనుకున్నారు.

“నలభయ్యా! సరే, ఎండలో ఉంచకు.”

“కూర్చోబెట్టనా సార్?”

“కూర్చోబెట్టడమేంటయ్యా, గోడకి ఆనించు!”

పది నిమిషాల తరవాత ఆయన వెళ్ళి చూస్తే నలభైమంది పెద్దమనుషులు ఆఫీసు గోడకు వీపులు ఆనించి వరసగా నిలబడి ఉన్నారు. ముందున్నాయన మర్యాదగా అడిగాడు, “టీ వచ్చేదాకా ఇలాగే నిలబడాలా అండీ?”

ఏడయ్యేసరికి మైదానం నిండిపోయింది. టీ పోసే మనిషి నలభై కప్పులు తెచ్చాడు, ఎదురుగా రెండువందల మంది. “ఇది మొదటి టీనా, రెండోదా?” అని అడిగితే అతను ఫ్లాస్కు అక్కడే వదిలేసి పాల కోసమని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. తోటపని వాళ్ళు జెండా చుట్టూ మోకాళ్ళమీద కూర్చుని, “ఇంత పొట్టిగా కోస్తారా గడ్డిని? పాపం కదండీ!” అని బాధపడ్డారు. చదరంగం వాళ్ళు ఇసకగుంటలో నీడ చూసుకుని బల్లలు పరిచారు.

మైదానం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ప్రారంభపు దెబ్బ ఆయనదే. కర్రను వెనక్కి ఎత్తి, ఊపిరి బిగబట్టి, దించబోయేంతలో నవ్వుల క్లబ్బు తన ఉదయపు కార్యక్రమం మొదలుపెట్టింది. అరవైమంది ఒక్కసారిగా పకపకా నవ్వారు. బంతి కదల్లేదు. కర్ర మాత్రం డాక్టరుగారి చేతుల్లోంచి జారి పాటల క్లబ్బు హార్మోనియం దాకా వెళ్ళింది.

“వీళ్ళెవరయ్యా?” అన్నాడు డాక్టరు.

“క్లబ్బులు,” అన్నారు కార్యదర్శి. అప్పటికి ఆయనకు అర్థమైపోయింది.

“ఎన్ని?”

“పద్నాలుగు. రూల్ ప్రకారమే.”

అయినా ఆట సాగేదేమో. ఇంతలో మూడో గుంత దారిలో పక్షుల క్లబ్బు వాళ్ళు తీతువు పిట్ట గుడ్లు నాలుగు చూశారు. వెంటనే చేతులు పట్టుకుని వాటి చుట్టూ వలయం కట్టారు. అవి పిల్లలయ్యేదాకా ఒక్క బంతి కూడా లేవకూడదన్నారు. ఎన్నాళ్ళని డాక్టరు అడిగాడు. నాలుగు వారాలన్నారు. డాక్టరు పోటీ రద్దు చేసి, పన్ను పీకేముందు చూసినట్టు కార్యదర్శిని ఒక్క చూపు చూసి, కారెక్కాడు.

భార్య, కూతురు అప్పుడే ఆటోలో వచ్చి దిగారు.

“క్లబ్బులంటే కర్రలు!” అన్నారాయన.

“మరి కర్రలని చెప్పొచ్చుగా!” అంది ఆవిడ. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఇంతమంది వస్తారనుకోలేదండీ. మా గ్రంథాలయం వార్షికోత్సవానికి పిలిస్తే ఒక్కరూ రారు.”

అందరికంటే ఆఖర్న, తొమ్మిదింటికి, నడక క్లబ్బు వచ్చింది. నడిచి వచ్చారు కాబట్టి ఆలస్యమైంది. అయిదుగురిలో చివర ఉన్నది తమ్ముడు.

కాస్త బక్కచిక్కాడు. మైదానమంతా ఒకసారి కలియజూసి, అన్నగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నాకు ఒక్కటి ఎంచుకోవడం రాదన్నావు. నువ్వు పద్నాలుగు ఎంచుకున్నావు, ఒక్కటీ సంచీలో పట్టేలా లేదన్నయ్యా!”

కార్యదర్శిగారికి నవ్వొచ్చింది. మూడేళ్ళుగా ఎక్కడో ఇరుక్కుపోయిన నవ్వు అది, కళ్ళనీళ్ళతో సహా వచ్చింది. ఆ నవ్వులోనే భార్యవైపు తిరిగారు.

“వీణ్ణి కూడా తెలీకే పిలిచావా?”

“పదమూడు తెలీక రాశాను. పద్నాలుగోది తెలిసే రాశాను,” అంది ఆవిడ.

ఆయన గబగబా ఆఫీసులోకి వెళ్ళి కొత్త కర్రల సంచీ మోసుకొచ్చారు. “పోటీ పోతే పోయింది. తొమ్మిదో గుంత ఖాళీగా ఉంది, ఒక్కటి ఆడదాం రా. నీ ఇష్టమొచ్చిన కర్ర తియ్యి. నేనేమీ అనను.”

తమ్ముడు సంచీకేసి చూశాడు గాని ముట్టుకోలేదు.

“ఎడమ చెయ్యి భుజం దాటి లేవదన్నయ్యా.”

“ఎప్పట్నుంచి?”

“నిరుడు మార్చిలో ఆపరేషన్ అయింది. ఇంతే లేస్తుందన్నారు.” ఎంతవరకో ఎత్తి చూపించాడు. అది ఎంతో కాదు.

“మరి నీ కర్రలు?”

“నాకు వ్యాయామాలు చేయించిన నర్సుకి ఇచ్చేశాను. బాగా ఆడుతోందిట. ఏది ఎక్కడ తియ్యాలో ఆవిడకి తెలుసు.”

తమ్ముడు నవ్వుతూనే అన్నాడు. అన్నగారు నవ్వలేకపోయారు. నిరుడు మార్చిలో తన బొటనవేలు వాచిందని వారం రోజులు ఇల్లంతటికీ వినిపించిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది.

“నీకు తెలుసా?” అన్నారు భార్యతో.

“ఆస్పత్రికి రెండుసార్లు వెళ్ళాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“అన్నయ్య అడిగితే చెప్పు వదినా, అడక్కపోతే వద్దు అని ఒట్టు వేయించుకున్నారు. మీరు అడగలేదు.” ఆవిడ చీర కుచ్చిళ్ళకు అంటుకున్న గడ్డి దులుపుకుంది. “ఫోన్ చెయ్యండి, ఫోన్ చెయ్యండి అని నేను మాత్రం ఇంకెన్నిసార్లు చెప్పను?”

ఆయన జేబుల్లో చేతులు పెట్టుకున్నారు. జేబులో మడతపెట్టిన జోడీల కాగితం తగిలింది. బయటికి తీయలేదు. మూడేళ్ళలో నూట యాభైకి పైగా ఆదివారాలు. వాటిలో సగానికి పైగా ఆదివారాలు తమ్ముడి చెయ్యి బాగానే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి తమ్ముణ్ణి, మరదల్నీ ఇంటికి తీసుకొచ్చారు. బల్ల దగ్గర నాలుగు కుర్చీలు సరిపోక కూతురు స్టూలు మీద కూర్చుంది. తమ్ముడు పొద్దున గోడకు ఆనుకున్న డ్రైవర్ల కథ మొదటినుంచీ మళ్ళీ చెప్పించుకుని, అన్నం మెతుకు గొంతుకు అడ్డంపడేలా నవ్వాడు. కూర గిన్నె అందేలా, అతను అడక్కుండానే మరదలు దాన్ని అతని కుడివైపుకి జరుపుతోంది. కార్యదర్శిగారు ఆ జరపడాన్ని రెండుసార్లు చూశారు. మూడోసారి గిన్నెను తనే జరిపారు.

తరవాత, పెరుగు వడ్డిస్తుండగా, ఎవరివైపూ చూడకుండా అన్నారు:

“పళ్ళ డాక్టరుకి రాజీనామా పంపించేశాను. వచ్చే ఆదివారం నుంచి నేను గోల్ఫుకి వెళ్ళను. వీడితో నడకకి వెళ్తాను.”

కూతురు చెవుల్లోంచి పాటలు తీసేసింది. తమ్ముడు పళ్ళెంలోకి చూస్తూ, “ఆరింటికల్లా రావాలన్నయ్యా,” అన్నాడు. భార్య ఆయనకు ఇంకో గరిటె పెరుగు ఎక్కువ వేసింది.

“ఆరింటికి వస్తాను. అయితే ముందు మంచి బూట్లు కొనాలి, ఏ రకమో రేపు వెళ్ళి చూస్తాను,” అన్నారాయన.

నడకలో ఎవరూ గెలవరని ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు.