గుమ్మడికాయకు కాళ్లు

ఒక పెద్ద అడవిలో మూడు వందల ఏళ్ల నాటి పద్యాలు పన్నెండు ఉండేవి. రాసింది ఓ ముసలి తాబేలు. తాబేలు పోయాక వాటిని కాపాడ్డానికి ఒక మండలి పుట్టింది. పద్యాల కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

మండలి నియమం ఒకటే. పద్యాన్ని కళ్లు మూసుకుని చదవాలి, కళ్లు మూసుకుని వినాలి. భక్తి అట! బడిలో కొంగ పంతులు ఒంటికాలి మీద నిలబడి రాగం తీసేవాడు. పిల్లలు కళ్లు మూసుకునేవాళ్లు. రెండో పాదానికల్లా గురకలు.

అది చూసి ఏదుపంది నర్సమ్మకు ఒళ్లు మండింది. ముళ్లు గుచ్చుకుంటాయని చిన్నప్పుడు ఆమెను ఆ బడి గడప తొక్కనివ్వలేదు. కంప చాటున నక్కి, వానలో తడుస్తూ నేర్చుకున్న పద్యాలవి. నవ్వు బయటికి వినపడకుండా నోట్లో గడ్డి కుక్కుకుని మరీ నేర్చుకుంది.

"ఇంత నవ్వొచ్చే పద్యాలకు నిద్రపోతార్రా!" అంటూ వీపున ఒక ముల్లు పీక్కుంది. నేరేడుపళ్ల రసంలో ముంచి టేకాకు మీద పద్యం రాసి, పక్కనే బొమ్మ గీసింది.

మొదటి పద్యంలో ఒక భారీ శాల్తీ బురదలో జారిపడి, "నేను పడలేదు, నేలే పైకి లేచింది" అంటుంది. అది ఏ జంతువో తాబేలు చెప్పలేదు. నర్సమ్మకూ ఎవరితోనూ తగువు అక్కర్లేదు. గుమ్మడికాయకు నాలుగు కాళ్లు పెట్టింది. రెండో పద్యంలో మూతి నుంచి తేనె కారుతుండగా దొంగతనం తప్పని ఉపన్యాసమిచ్చేవాడున్నాడు. వాడు సొరకాయ. చేపలకు అహింస బోధించేవాడు మునగకాయ.

పిల్లలు ఆకుల మీద పడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ పద్యాలు నోటికి పట్టేశారు. నర్సమ్మ మాత్రం పద్యానికి మూడు నాలుగు ఆకులు, ఆకుకో ముల్లు చొప్పున నలభై ముళ్లు పీక్కుంది. వీపు సగం బోడి. చిరుతపులి ఎదురైతే ఏం చూపించి బెదిరించాలో దేవుడికే తెలియాలి.

మండలి పిలిపించింది. అధ్యక్షుడు ఏనుగు భద్రయ్య తొండంతో ఆకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమమ్మా, ఇది నేనే కదూ?"

"గుమ్మడికాయండీ."

"ఆ నడక నాది!"

"తమరు ఎప్పుడన్నా బురదలో పడ్డారాండీ?"

"నేనెక్కడ పడ్డాను? ఆ నేలే..." అని భద్రయ్య ఆగిపోయాడు.

మండలి సభ్యుడు ఎలుగుబంటి మూతి తుడుచుకుంటూ లేచాడు. "మరి సొరకాయకు ఆ బొచ్చేమిటి?"

"నూగండీ. లేత సొరకాయకు ఉంటుంది."

"మునగకాయ ఒంటికాలి మీద నిలబడటం దేనికో?" అన్నాడు కొంగ పంతులు.

"అంత సన్నటిదానికి రెండో కాలు ఎక్కడ పెట్టనండీ, పంతులుగారూ?"

"ఏట్లో పారేయండి ఈ చెత్త!" అని భద్రయ్య ఘీంకరించాడు.

పంతులు ఆయన చెవి దగ్గర చేరాడు. "పారేస్తే పిల్లలు అందులో ఏముందోనని ఎగబడతారు. అంతకంటే, బొమ్మలతో మనకు సంబంధం లేదని కింద రాయిద్దాం. పేర్లతో సహా. పరువు దక్కుతుంది." చదువుకున్నవాడి తెలివి మరి!

"రాస్తే ఆకులు ఉంటాయి, లేకపోతే ఏటికే," అన్నాడు భద్రయ్య.

నర్సమ్మకు కోపం గొంతుదాకా వచ్చింది. బోడి వీపు తడుముకుంది. నలభై ముళ్లు ఏట్లో కలుస్తాయా? పిల్లలు మళ్లీ గురకలకు పోతారా? కోపం దిగమింగి, మండలి చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసింది.

పొద్దున్నే లేడిపిల్ల మొదటి ఆకు చదివింది. 'బురదలో పడిన ఈ గుమ్మడికాయ మన అధ్యక్షులు భద్రయ్యగారు కాదు.'

"అమ్మా, ఈ గుమ్మడికాయ ఏనుగు తాతంట!"

"కాదని రాశారు కదే."

"కాకపోతే ఎందుకు రాశారు?"

లేడికి ఫక్కున నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి అడవంతా ఆకుల చుట్టూ చేరింది. ఎలుగుబంటి కనబడితే చాలు, అందరూ మూతి వైపే చూశారు. కొంగ పంతులు రెండు కాళ్ల మీద నిలబడటం అలవాటు చేసుకుంటూ బోర్లా పడ్డాడు. భద్రయ్య నీళ్లకు వస్తే వంద కళ్లు ఆయన పాదాల మీదే!

భద్రయ్య మండిపడ్డాడు. "ఇప్పుడే, నా ఎదుటే, ఏట్లో వెయ్యి!"

నర్సమ్మ నలభై ఆకులూ తనే మోసుకొచ్చి నీళ్లలో వదిలింది.

"వేశానండీ. ఇక ఆ గట్టు చూడండి."

అవతలి గట్టున పిల్లలు వరసగా కూర్చుని, కళ్లు ఇంతింత చేసుకుని మండలి వైపే చూస్తూ పన్నెండు పద్యాలూ గొంతెత్తి చదువుతున్నారు.

"వాళ్ల నోళ్లలో ఉన్నదాన్ని ఏ ఏట్లో వేస్తారో మీరే తేల్చుకోండి, అయ్యా."

భద్రయ్య బదులివ్వడానికి ముందుకొచ్చాడు. గట్టు మీద తడికి కాలు కాస్త జారింది. అడవంతా ఊపిరి బిగబట్టి ఆయన నోటి వంక చూసింది. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఏమన్నా పద్యమే అవుతుందని ఆయనకు తెలిసిపోయింది.

నీతి: బొమ్మలో ఉన్నది ఎవరో తెలియకపోతే గీసినవాళ్లను అడగొద్దు, కోపం వచ్చినవాళ్లను అడగండి.